గుమ్మం దగ్గర డ్రమ్ము

ముప్పై నాలుగేళ్ళు జీతం తీసుకుని చేసిన ఉద్యోగంలో చెప్పుకోదగ్గ తప్పు ఒక్కటి కూడా చెయ్యలేదు నేను. రిటైరయ్యాక జీతం లేకుండా చేసిన ఉద్యోగంలో మూడో నెలకే చేశాను. ఆ తప్పు గురించి రాసిపెట్టమని మన షెడ్డు టీచరు గారు ఆదేశించారు. కొత్తగా చేరిన మీబోటి వాలంటీర్లకి ఉపయోగపడుతుందట. ఆవిడ హైస్కూల్లో తరతరాలకి లెక్కలు చెప్పిన మనిషి. ఆవిడ రాయమన్నాక రాయకుండా కూర్చోవడం నాకు చేతకాదు, వయసు అరవై దాటితేనేం.

ముందు నా పాత ఉద్యోగం ఏమిటో చెప్పాలి. లేకపోతే తప్పు అర్థం కాదు. నేను బియ్యం గోడౌన్లలో క్వాలిటీ చూసేవాణ్ణి. మిల్లు నుంచి లారీ వస్తుంది. బస్తా పక్కన ఇనప గొట్టం గుచ్చితే పిడికెడు బియ్యం అరచేతిలోకి జారతాయి. అందులో నూకలెన్ని, రంగు మారిన గింజలెన్ని, వడ్లెన్ని, తేమ ఎంత అన్నది చూసి, లారీని లోపలికి రానివ్వడమో వెనక్కి పంపడమో నా పని. మొత్తం మీద నా సర్వీసంతా పిడికెడు పిడికెడుగా గడిచింది. పర్చూరులో ఉన్నప్పుడు ఒకే వారంలో నాలుగు లారీలు తిప్పి పంపాను. నాలుగో లారీ మిల్లరు నా టేబుల్ ముందు కూలబడి, "మీరు ఇంట్లో అన్నం తింటారా అండీ, రిపోర్టు తింటారా?" అని అడిగాడు. నేనది పొగడ్త అనుకుని ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మనింటి సంగతి అతనికెవరు చెప్పారు?" అంది.

రిటైరయ్యాక గుంటూరు శివార్లలో, పెదకాకాని వైపు వెళ్ళే దారిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు. గాలి ఎటు వీస్తే ఆ వైపు ఇళ్ళల్లో తుమ్ములు. మా వీధి చివర చర్చి, చర్చి వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డే మన ఫుడ్ బ్యాంకు. పాస్టరు గారు అద్దె లేకుండా ఇచ్చారు. ఆ చర్చి ఆడవాళ్ళకి పాత అలవాటు ఒకటుంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. వారానికోసారి ఆ డబ్బా దేవుడికని చర్చికి తెస్తారు. ఎవరూ కొలవరు, ఎవరూ అడగరు. కరోనా రోజుల్లో పనులు ఆగిపోయినప్పుడు ఆ పిడికెళ్ళన్నీ ఒక నీలం డ్రమ్ములో పోయించి, తిండికి లేనివాళ్ళకి పంచుదామని టీచరు గారు మొదలుపెట్టారు. కరోనా వెళ్ళిపోయింది, తిండికి లేకపోవడం వెళ్ళలేదు, డ్రమ్ము ఉండిపోయింది. ఆ తర్వాత చర్చికి సంబంధం లేని ఇళ్ళవాళ్ళు కూడా తెచ్చి వెయ్యడం మొదలుపెట్టారు. పల్లెల రైతులు కందులు పంపుతారు, ఓ వ్యాపారి నూనె ప్యాకెట్లు ఇస్తాడు. కారం మాత్రం ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. మా వైపు అది గాల్లోనే దొరుకుతుంది.

శనివారం సాయంత్రం నాలుగింటికి పంపకం. ఇంటికి అయిదు కేజీల బియ్యం సంచి, పప్పు, నూనె. దానికొక పద్ధతి ఉంది. రాసుకున్నది కాదు, ఎవరూ చెప్పేది కాదు. నీలం డ్రమ్ము షెడ్డు గుమ్మం దగ్గర ఉంటుంది. లోపలికి వచ్చే ప్రతి మనిషీ అందులో పిడికెడు బియ్యం వేసి వస్తాడు. ఇవ్వడానికి వచ్చినవాళ్ళూ వేస్తారు, తీసుకోవడానికి వచ్చినవాళ్ళూ వేస్తారు. తర్వాత అందరూ ఒకే బెంచీల మీద కూర్చుంటారు. ఎవరు ఇచ్చేవాళ్ళో ఎవరు తీసుకునేవాళ్ళో సంచులు పంచేదాకా తెలీదు.

నేను మొదటి శనివారం వెళ్ళి చూసింది ఆ మనుషుల్ని కాదు, ఆ డ్రమ్ముని. సన్నబియ్యం, లావు బియ్యం, ఉప్పుడు బియ్యం, రేషన్ బియ్యం, పోయినేటివి, మొన్నటివి అన్నీ ఒక్కదాంట్లోనే. పిడికెడు తీసి అరచేతిలో పోసుకుని చూశాను. ఏ గ్రేడూ ఇవ్వడానికి వీల్లేని బియ్యం నేను చూడటం అదే మొదటిసారి. ఇవి వండితే ఎలా ఉంటాయని బెంచీ మీద ఒకామెని అడిగాను. "సగం ముద్దవుద్ది, సగం పలుకుంటది" అంది, అదేదో వాతావరణం సంగతైనట్టు. నేను వెంటనే టీచరు గారికి రిపోర్టు చేశాను.

"ఉడుకుతాయి లెండి. నీళ్ళు కాస్త ఎక్కువ పోసుకుంటారు" అన్నారావిడ.

తర్వాతి నెలలో ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఒంగోల్లో చెల్లెలి దగ్గర రెండు నెలలు ఉండాల్సి వచ్చింది. వెళ్తూ షెడ్డు తాళాలు నా చేతిలో పెట్టి, "ఏమీ మార్చకండి" అన్నారు. నా సర్వీసులో ప్రతి బదిలీలోనూ ఛార్జి అప్పజెప్పేవాళ్ళు ఈ మాటే అన్నారు. ప్రతిచోటా నేను మార్చాను.

మొదటి మార్పు, ఒక డ్రమ్ము మూడు డ్రమ్ములయ్యాయి. సన్నబియ్యానికి ఒకటి, లావు బియ్యానికి ఒకటి, తేల్చుకోలేనివాటికి ఒకటి. మూడూ లోపల గోడవారన పెట్టించాను. గుమ్మం దగ్గర డ్రమ్ము ఉంటే ఎలకలొస్తాయి, అది రూలు. రెండో మార్పు, తీసుకునేవాళ్ళు పిడికెడు తేనక్కర్లేదు. పిడికెడు ఇచ్చి అయిదు కేజీలు పట్టుకెళ్ళడంలో నాకు తర్కం కనపడలేదు. పిడికెడు తగ్గించి ఇస్తే ఇద్దరికీ మోత తప్పుతుంది కదా. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రేషన్ బియ్యం పుచ్చుకోకూడదు. రేషన్ బియ్యం ఒకచోట పోగుపడి కనపడితే కేసు పెడతారు. అలాంటి కేసుల్లో బియ్యం పరీక్ష చేసి సంతకం పెట్టినవాణ్ణి నేనే. రిటైరయ్యాక అదే కేసులో అవతలి పక్కన నిలబడటం నాకిష్టం లేదు.

ఇవన్నీ ఒక బోర్డు మీద పెయింటరు చేత రాయించాను. "ఇచ్చువారు ఆదివారం, తీసుకొనువారు శనివారం. రేషన్ బియ్యం స్వీకరించబడవు." మన ట్రాలీ ఆటో డ్రైవరు, మీకందరికీ తెలిసినవాడే, ఇళ్ళకి సరుకు మోసేది అప్పుడూ ఇప్పుడూ అతనే, బోర్డు కింద నిలబడి రెండుసార్లు చదివాడు.

"సార్, ఇది గోడౌను కాదు గదండీ" అన్నాడు.

"అందుకేగా గోడౌన్ చేస్తున్నాను" అన్నాను. ఆ జవాబు నాకు చాలా బాగుందనిపించింది.

బోర్డు పెట్టిన మొదటి శనివారం ఒక పెద్దావిడ వచ్చింది. కనిగిరి వైపు నుంచి ఏళ్ళ కిందట మిరపకాయల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. సీజన్లో యార్డులో, తర్వాత కోల్డ్ స్టోరేజీల్లో కాయలకి తొడిమలు తీస్తుంది. గుమ్మం దగ్గర డ్రమ్ము కోసం వెతుక్కుని, కనపడక, నా టేబుల్ దగ్గరకి వచ్చి కొంగుముడి విప్పింది. అందులో పిడికెడు బియ్యం. ఆవిడ చేతిలోవి నా చేతిలో పోయించుకుని వెలుగులోకి పట్టి చూశాను. అలవాటు. వేలితో జరిపి చూశాను. అదీ అలవాటే.

"ఇవి రేషన్ బియ్యం అమ్మా. నూకలు ఎక్కువున్నాయి. రెండు వడ్ల గింజలు కూడా ఉన్నాయి. ఇవి పనికిరావు, వెనక్కి తీసుకెళ్ళండి" అన్నాను. చాలా మర్యాదగా అన్నాను. మిల్లర్లతో అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు. చుట్టూ బెంచీల మీద ముప్పై మంది దాకా ఉన్నారు.

ఆవిడ చెయ్యి చాచింది. నేను బియ్యం తిరిగి పోశాను. ఒక్క గింజ కింద పడితే వంగి తీసుకుంది. ముడి వేసుకుని, "సరేనయ్యా" అని బయటికి వెళ్ళింది. సంచి తీసుకోవడం మర్చిపోయిందనుకున్నాను. రిజిస్టరులో ఆవిడ పేరు ఎదురుగా గైర్హాజరు అని రాశాను.

తర్వాతి శనివారం కూడా ఆవిడ రాలేదు. ఆ తర్వాతి శనివారమూ రాలేదు. ఇంకా కొందరు కూడా రావడం మానేశారు. అరవై ఇళ్ళు నలభై అయ్యాయి, ఆ పైవారం ముప్పై అయిదు. స్టాకు పెరుగుతోంది, జనం తగ్గుతున్నారు, వరస ప్రశాంతంగా ఉంది. గోడౌన్ దృష్టితో చూస్తే ఇంతకన్నా మంచి పరిస్థితి ఉండదు. నెలాఖరు మీటింగులో నేను లేచి, మన ప్రాంతంలో అవసరం తగ్గుముఖం పట్టిందని చెప్పాను. పాస్టరు గారు దేవుడికి స్తోత్రం చెప్పారు. అంతమంది కలిసి కళ్ళు మూసుకుని నా తప్పుకి కృతజ్ఞతలు చెల్లించడం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆషాఢంలో టీచరు గారు నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చారు. అది గురువారం. షెడ్డు గుమ్మంలో ఆగి, కొత్త కళ్ళతో అటూ ఇటూ చూశారు.

"డ్రమ్మేదండీ?"

లోపలికి తీసుకెళ్ళి మూడు డ్రమ్ములూ చూపించాను. బోర్డు చూపించాను. రిజిస్టరు చూపించాను. ఆవిడ రిజిస్టరు దగ్గర చాలాసేపు ఉన్నారు. గైర్హాజరు అన్న మాట మీద వేలు పెట్టి కిందకి జరుపుకుంటూ వెళ్ళారు. ఏదో అనబోయేలోగా మా కాలనీ ఆశా కార్యకర్త ఎండలో నడిచొచ్చి గొడుగు మూస్తూనే మొదలుపెట్టింది.

"ఏవండీ, ఆ కనిగిరి అవ్వ ఇంటికి సంచి ఎందుకాపేశారండీ?"

"మేము ఆపలేదమ్మా. ఆవిడే రావట్లేదు" అన్నాను.

"ఆమె కూతురు టీబీ మాత్రలు వాడతందండీ. నాలుగో నెల. పోయినవారం నుంచి సరిగ్గా వేసుకోటం లేదు. ఏమీ తినకుండా మింగితే కక్కేస్తంది. అందుకని దిండు కింద దాచేస్తంది. ఇయ్యాళ పట్టుకున్నాను. ఇప్పుడు మానిందంటే జబ్బు మొండికెత్తుద్దండీ, మొదటినించి మొదలెట్టాలి, ఇంకా గట్టి మందులు. ఆమెకి ఆ ఓపిక లేదు."

టీచరు గారు నావైపు తిరిగారు. నల్లద్దాల వెనక కళ్ళు కనపడలేదు, అదొక్కటే నాకు కలిసొచ్చింది. నేను ఆ పిడికెడు బియ్యం సంగతి చెప్పాను. వడ్ల గింజల సంగతి కూడా చెప్పాను, రిపోర్టు పూర్తిగా ఉండాలని.

"ఇప్పుడే బయల్దేరండి" అన్నారావిడ.

"ఆటో డ్రైవరు చేత పంపిద్దామండీ."

"వద్దన్నది ఆటో డ్రైవరు కాదుగా."

మొదటి డ్రమ్ములోంచి, అంటే సన్నబియ్యంలోంచి, అయిదు కేజీలు కట్టించాను. ఉన్నవాటిలో మేలైనవి ఇస్తే క్షమాపణ చెప్పే పని తప్పుతుందని లోపల్లోపల ఒక ఆశ. రిజిస్టరు చంకలో పెట్టుకున్నాను. అది లేకుండా నేనెక్కడికీ వెళ్ళను. సంచి ఎక్కించుకుని డ్రైవరు ఆటో తీశాడు.

ఒంటి గది ఇల్లు, పైన సిమెంటు రేకులు. పెద్దావిడ వాకిట్లో కూర్చుని చిరిగిన గోనెసంచి కుడుతోంది. ఆ నెలల్లో కోల్డ్ స్టోరేజీల్లో పని వారానికి ఒకటి రెండు రోజులే. నన్ను చూసి లేచి, పక్కింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది, మంచినీళ్ళిచ్చింది. లోపల మంచం మీద కూతురు, ముప్పై ఏళ్ళుంటాయేమో, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నావైపు చూసింది.

"బియ్యం తెచ్చానమ్మా" అన్నాను.

"ఎందుకయ్యా?"

"మీ సంచి. మీరు రావట్లేదుగా."

"మా బియ్యం మీకు పనికిరానియ్యి అన్నావు. పనికిరానోళ్ళకాడికి ఇంత ఎండలో ఎందుకు మోసుకొచ్చావు?" కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడుగుతోంది.

"నేను మిమ్మల్ని అనలేదమ్మా. బియ్యాన్ని అన్నాను."

"రెండూ ఆ కొంగులోయ్యేగా."

నేను కేసు సంగతి వివరించాను. రేషన్ బియ్యం ఒకచోట చేరితే చట్టం ఏమంటుందో, తనిఖీకి వస్తే ఏమవుతుందో వివరంగా చెప్పాను. ఆవిడ సూది ఆపి శ్రద్ధగా విన్నది.

"పిడికెడు బియ్యానికి కేసా?"

"పిడికెళ్ళన్నీ కలిస్తే బస్తాలవుతాయి కదమ్మా."

"నేను పొయ్యికాడ మొక్కుకుని తీసింది. పోలీసోళ్ళకి చెప్పి తియ్యాలని నాకేం ఎరిక?"

నేను నీళ్ళు తాగాను.

లోపల్నుంచి కూతురు, "తీసుకోవే అమ్మా. ఆ మాత్రలు చూస్తంటేనే భయమేస్తంది నాకు" అంది. అంది అనడం కన్నా దగ్గింది అనాలి.

పెద్దావిడ మొహం అటు తిప్పుకుంది. "నాకు మాత్రం తీసుకోవాలని ఉండదా? ఉత్తచేతుల్తో ఎట్టా తీసుకునేదే? మీ నాయన చనిపోయిన వారం కూడా పిడికెడు ఏసే తెచ్చుకున్నా." లేచి గూట్లోంచి బియ్యం డబ్బా తీసి నా ముందు బోర్లించింది. ఏమీ రాలలేదు. "ఈ నెల రేషను కొట్లో ఏలిముద్ర పడలేదయ్యా. మూడుసార్లు తిరిగా. మిషను తీసుకోలేదు. తొడిమలు తీసీ తీసీ ఏళ్ళు అరిగిపోయినయ్యి. ఏయటానికి గింజ లేదు ఇంట్లో."

అప్పుడు నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు. ఆ కుర్చీలోంచి లేచి ఎటన్నా పోవాలనిపించింది. ఆ రోజు నేను వెనక్కి పోసింది పిడికెడు రేషన్ బియ్యం అనుకున్నాను. అది ఆవిడ ఈ షెడ్డులోకి నడిచి రావడానికి పెట్టుకున్న దారి. నూకల్ని చూశాను కానీ ఆ మాత్రం చూడలేకపోయాను. నా కళ్ళకి ఏ ఆపరేషనూ కాలేదు మరి.

బతిమాలడం నాకు రాదు. ప్రార్థన చెయ్యడం అసలే రాదు. నాకొచ్చింది ఒక్కటే, సరుకు అప్పజెప్పడం. రిజిస్టరు తెరిచాను.

"అమ్మా, ఒక మాట వినండి. సరుకు గుమ్మం దాటి లోపలికొచ్చి, ఇక్కడ వేలిముద్ర పడిందంటే అది పుచ్చుకున్నవాళ్ళ సొత్తు. ఆ తర్వాత దానిమీద నాకు గానీ షెడ్డుకి గానీ ఏ హక్కూ ఉండదు. ఇది రూలు. ముప్పై నాలుగేళ్ళు ఇదే రూలు మీద పనిచేశాను. మీరు ముద్ర వెయ్యండి. అప్పుడు ఈ బియ్యం మీవి. మీ బియ్యంలోంచి మీ ఇష్టమొచ్చినంత తీసి నాకివ్వండి. డ్రమ్ములో నేనే వేస్తాను."

ఆవిడ నన్నూ రిజిస్టరునీ మార్చి మార్చి చూసింది. "అట్టా కుదురుద్దా?"

"కుదురుతుంది. నేను సంతకం పెడతాను."

డ్రైవరు సంచి తెచ్చి గడప లోపల పెట్టాడు. ఆవిడ నేను జేబులోంచి తీసిన ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు ఒత్తి రిజిస్టరులో అద్దింది. గీతలేమీ రాలేదు. ఒక నీలం మచ్చ పడింది, అంతే. మామూలుగా అయితే అలాంటి ముద్ర నేను ఒప్పుకోను. ఎదురుగా సంతకం పెట్టాను.

ఆవిడ సంచి మూతి విప్పి పిడికెడు తీసింది. తీసి నాకివ్వలేదు. వాకిట్లోకి వచ్చి ఎండలో అరచెయ్యి చాచి చూసింది. వేలితో గింజల్ని అటూ ఇటూ జరిపింది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఎదుటివాళ్ళకి ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలీదు.

"పురుగయ్యా" అంది.

"ఎక్కడ?"

"ఇదుగో. ఇదుగో ఇంకోటి. బియ్యం మంచియ్యే. నిలవుంచితే పడతయ్. పంచకుండా ఇన్నాళ్ళు ఎందుకు దాచావు?"

జనం రాకపోవడంతో డ్రమ్ములో మగ్గిపోయిన స్టాకు అది. ముప్పై నాలుగేళ్ళలో నా చేతి మీదుగా పోయిన సరుకుని ఎవరూ తిప్పి పంపలేదు. ఆవిడా పంపలేదు. "చెరుక్కుంటాంలే" అని చేట తెచ్చింది. రెండు గుప్పిళ్ళ బియ్యం పోసి, చెరిగి, పురుగూ నూకా ఏరి, అందులోంచి ఒక పిడికెడు తీసి నావైపు చాచింది. ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలన్నట్టు. పోసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. జేబురుమాలు పరిచాను. ఆవిడే మూట కట్టి ఇచ్చింది. మేము ఆటో ఎక్కేసరికి ఎసరు పెడుతున్న చప్పుడు వినపడింది.

"బోర్డు తీసెయ్యమంటారా సార్?" అని డ్రైవరు దారిలో అడిగాడు.

"నేను తీస్తాను" అన్నాను.

ఆ అమ్మాయి కోర్సు పూర్తి చేసింది. డాక్టరు చెప్పిన దానికన్నా మూడు వారాలు ఎక్కువ పట్టింది. ఆ మూడు వారాలు నావల్ల ఎక్కువైనవి. దాన్ని ఇంకోలా చెప్పడానికి ప్రయత్నించాను కానీ కుదరలేదు.

మిగతా ఇళ్ళకి కూడా నేనే వెళ్ళాను, రిజిస్టరులో గైర్హాజరు అన్న వరస ప్రకారం. కొందరు నవ్వారు, ఒకాయన తలుపు తియ్యలేదు, ఒకామె నన్ను గంటసేపు తిట్టి తర్వాత టీ ఇచ్చింది. రేషన్ బియ్యం కేసు గురించి టీచరు గారిని మళ్ళీ ఒకసారి అడిగాను. "కేసు రాయడానికి వచ్చేవాడు నా స్టూడెంటే అయివుంటాడు, నేను చూసుకుంటాను" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆవిడ నాకు శిక్ష వేశారు.

"మీరెప్పుడైనా ఆ వరసలో నిలబడ్డారా అండీ?"

"నాకు పెన్షన్ వస్తుంది కదండీ."

"పెన్షన్ గురించి అడగలేదు. ఈ శనివారం నిలబడండి. సంచి తీసుకెళ్ళి మీ ఇంట్లో వండించుకు తినండి. వచ్చి ఎలా ఉందో చెప్పండి."

శనివారం నాలుగింటికి వెళ్ళాను. నీలం డ్రమ్ము పాత చోట, గుమ్మం దగ్గర ఉంది. వీధిలోంచి వరస. తెలిసినవాళ్ళెవరన్నా చూస్తున్నారేమోనని నేను తలొంచుకుని నిలబడ్డాను. ముందున్న మనిషి వెనక్కి తిరిగింది. కనిగిరి పెద్దావిడ.

"ఏందయ్యా, నువ్వుగూడా సంచికేనా?"

"టీచరు గారు నిలబెట్టారమ్మా."

"మంచిదే. నీ పిడికెడేది?"

నా చేతులు చూసుకున్నాను. ఒక చేతిలో రిజిస్టరు, రెండోది ఖాళీ. షెడ్డు తాళాలు నా జేబులో ఉన్నాయి, లోపల డ్రమ్ములకొద్దీ బియ్యం ఉన్నాయి. గుమ్మం ఇంకా నాలుగడుగులు. అక్కడ అందరూ ఒక్కొక్కరుగా చెయ్యి చాచి వేసి లోపలికి వెళ్తున్నారు. నా వంతు వస్తే ఏం చెయ్యాలో తెలియలేదు.

"మర్చిపోయానమ్మా" అన్నాను.

ఆవిడ కొంగుముడి విప్పింది. డీలరు చివరికి ఎలాగో బియ్యం ఇచ్చినట్టున్నాడు. అందులో సగం నా అరచేతిలో పోసింది. మిగతా సగం తన చేతిలో ఉంచుకుంది.

"ఏసెయ్" అంది.

చూడకూడదనుకుంటూనే చూశాను. రేషన్ బియ్యం. నూకలు ఎక్కువ. ఒక వడ్ల గింజ. నేను వేళ్ళు మూసి నాలుగడుగులు నడిచి, ఆవిడ వెనకే, డ్రమ్ములో వేశాను.

ఇంటికెళ్ళి సంచి మా ఆవిడకిచ్చాను. ఆవిడ ఏమీ అడక్కుండా వండింది. సగం ముద్దయింది, సగం పలుకుగా ఉంది. పప్పు వేసుకుని కలుపుతుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తోంది.

"ఇవాళ రిపోర్టేమీ లేదా?" అంది.

"లేదు. ఇంకాస్త పెట్టు" అన్నాను.